నగర నిర్మాణ అనుకరణ క్రీడలో పౌరుని గొంతు: ఉస్మానియా ప్రాంగణం, తార్నాక ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నగర నిర్మాణ అనుకరణ క్రీడను కాలక్షేపంగా మాత్రమే చూస్తే, అది నగరాన్ని గురించి చేస్తున్న వాదన కనిపించదు. ఈ వ్యాసం 'సిటీస్: స్కైలైన్స్' అనే కంప్యూటర్ క్రీడలో తార్నాక కూడలిని, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని కట్టే ప్రయత్నాన్ని ఆధారం చేసుకొని, ఆ క్రీడ నియమాల్లో ఇమిడినవాటిని, ఇమడనివాటిని పరిశీలిస్తుంది. నేల చరిత్ర, విద్యార్థి నిరీక్షణ, పౌరుని అసమ్మతి అనే మూడు అంశాలకు ఈ క్రీడలో చోటు లేకపోవడాన్ని నిరూపించి, ఆ లేమి ఎందుకు ముఖ్యమో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: నగర నిర్మాణ క్రీడ, పురవర్ణన, ఉస్మానియా ప్రాంగణం, తార్నాక, నిష్క్రమణ, గొంతు.

1. ప్రస్తావన:

కావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో మొదటిది నగర వర్ణన. ప్రబంధకవి కోటను, అగడ్తను, మేడలను, అంగడి వీధులను, చాతుర్వర్ణ్యాన్ని వరుసగా నిలిపి కథకు రంగం సిద్ధం చేస్తాడు. ఆ పురంలో ప్రతివారూ తమ తమ స్థానంలో ఉంటారు. కొరతను చెప్పుకొనేవాడు అరుదుగా కూడా ఎదురుకాడు. దీనికి భిన్నమైన మార్గం క్రీడాభిరామానిది. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన ఈ వీథి రూపకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్లింటి భోజనంతో సహా నగరమంతా నడిచేవాడి కంటి ఎత్తు నుండే మనకు తెలుస్తుంది. పైనుండి చూసిన నగరానికీ నడిచి చూసిన నగరానికీ ఉన్న ఈ తేడాయే ప్రస్తుత పరిశీలనకు మూలం.

ఒక వేసవి సెలవుల్లో 'సిటీస్: స్కైలైన్స్' క్రీడలో తార్నాకను, దాని పక్కనే ఉన్న ఉస్మానియా ప్రాంగణాన్ని కట్టడానికి ప్రయత్నించాను. పరిశోధక విద్యార్థిగా కొన్నేళ్లు తిరిగిన నేల కావడం వల్ల దీన్ని ఎంచుకొన్నాను. తెరపై కట్టినదాన్ని సాయంత్రాల్లో నడిచి సరిచూసుకొన్నాను. ఈ వ్యాసంలోని పరిశీలనలు ఆ రెండింటి పోలిక నుండి వచ్చినవే.

2. క్రీడారూపం - పుట్టుక, పనితీరు:

ఈ తరహా క్రీడకు ప్రసిద్ధి తెచ్చినది అమెరికన్ రూపకర్త విల్ రైట్ 'సిమ్‌సిటీ'. 1984లో ఆయన 'రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే' అనే యుద్ధక్రీడను రూపొందించాడు. బాంబులు వేయడానికి కావలసిన ద్వీపాలను గీస్తున్నప్పుడు, కూల్చడం కంటే కట్టడమే తనకు ఆసక్తిగా ఉందని గ్రహించాడు. ఆ ఆసక్తి నుండి పుట్టిన 'సిమ్‌సిటీ'ని మాక్సిస్ సంస్థ 1989లో విడుదల చేసింది. 1993లో 'సిమ్‌సిటీ 2000' వచ్చింది. మొదటి క్రీడ మూలసంకేతం 2008లో 'మైక్రోపొలిస్' పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వెలువడింది. ఫిన్లాండులోని టాంపెరే నగరానికి చెందిన కొలోసల్ ఆర్డర్ సంస్థ రూపొందించిన 'సిటీస్: స్కైలైన్స్' 2015 మార్చి 10న విడుదలయింది.

దీని పనితీరు సరళం. ఆడేవారికి ఒక రహదారి అంచున ఖాళీ నేల, 70,000 నాణేల పెట్టుబడి లభిస్తాయి. వీధులు వేసి, వాటి పక్కన నేలను నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, కార్యాలయం అనే మండలాలుగా రంగులతో గుర్తించాలి. ఇళ్లను ఆడేవారు కట్టరు. నీరు, విద్యుత్తు, ఉపాధి ఉంటే జనం తామే వచ్చి కట్టుకొంటారు. ఏదైనా లోపిస్తే ఇంటిపై ఒక గుర్తు వెలుగుతుంది. లోపం తీరకపోతే ఆ ఇల్లు పాడుబడుతుంది, దాన్ని కూల్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ క్రీడలో గెలుపుకు నిర్ణీతమైన ముగింపు లేదు. నగరం పెరుగుతూ ఉండడమే గెలుపు.

3. నియమమే వాదన:

క్రీడా విమర్శకుడు ఇయాన్ బొగోస్ట్ 2007లో ప్రచురించిన 'పర్సుయేసివ్ గేమ్స్' గ్రంథంలో 'ప్రొసీజరల్ రెటరిక్' అనే భావనను వివరించాడు. కావ్యం మాటలతో ఒప్పిస్తే, క్రీడ తన నియమాలతో ఒప్పిస్తుందని దాని సారాంశం. ఏ పనికి ఏ ఫలితం వస్తుందో పదేపదే చూసిన ఆటగాడు, లోకం కూడా అలాగే నడుస్తుందని నమ్మడం మొదలుపెడతాడు.

ఆ నియమాలు ఎక్కడినుండో వస్తాయి. విల్ రైట్‌ను ప్రభావితం చేసిన గ్రంథాల్లో జే ఫారెస్టర్ రాసిన 'అర్బన్ డైనమిక్స్' ఒకటి. 1969 నాటి ఈ గ్రంథం నగరాన్ని సమీకరణాల సముదాయంగా చూపింది. చవక ఇళ్లు కట్టడం నగరానికి మేలు చేయకపోగా క్షీణతకు దారితీస్తుందని అది తేల్చింది. ఈ నిర్ణయం అప్పుడే తీవ్ర విమర్శకు గురయింది. సమీకరణాల్లో ఏది చేర్చారో, ఏది వదిలేశారో దాన్నిబట్టే ఫలితం వస్తుంది కదా అన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

వదిలేయడానికి మరొక ఉదాహరణ 2013 నాటి 'సిమ్‌సిటీ'. దాని ప్రధాన రూపకర్త స్టోన్ లిబ్రాండ్ అమెరికన్ నగరాల్లో వాహనాలు నిలిపే స్థలాలను కొలిచి, వాటిని ఉన్న పరిమాణంలో చూపితే క్రీడ అంతా వాటితోనే నిండిపోతుందని గుర్తించాడు. అందుకని అవి నేలకింద ఉన్నట్లు భావించుకొన్నారు. తెరపై నగరం అందంగా కనిపించడానికి ఇలాంటి దాపరికాలు అవసరమయ్యాయి.

4. ఖాళీ నేల, పేరున్న నేల:

క్రీడలో నేల ఎవరిదీ కాదు. తార్నాకలో అలాంటి నేల దొరకదు. ఈ పేరులోని 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కావలి ఉన్న దారి. తీగకంచె వేసి కావలి ఉంచిన తోట కారణంగా ఈ పేరు వచ్చిందన్న కథనం ప్రచారంలో ఉంది. అంటే ఊరి పేరులోనే ఒక సరిహద్దు, ఒక యజమాని, బయట నిలబడిన ఒక బాటసారి ఉన్నారు. పక్కనున్న అడిక్‌మెట్ జాగీరు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందాదని చెబుతారు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత ప్రాంగణం ఈ ప్రాంతంలోనే ఏర్పడింది. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం జరిగాయి. దాని రూపకల్పనలో బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌ది ప్రధాన పాత్ర. దాదాపు 1,600 ఎకరాల ఈ ప్రాంగణం, క్రీడ మొదట ఇచ్చే సుమారు 3.7 చదరపు కిలోమీటర్ల పలకలో ఇమడదు. ఎక్కువ పలకలు కొంటే విస్తీర్ణం సరిపోతుంది. చరిత్రను కొనడానికి మాత్రం మీట లేదు.

మండలాల విభజన మరొక చిక్కు. తార్నాక ప్రధాన రహదారి మీద కింద దుకాణం, పైన ఇల్లు, ఆపైన వసతిగృహం ఉన్న కట్టడాలు సాధారణం. మందుల దుకాణం, జిరాక్సు కేంద్రం, మెస్సు ఒకే గోడను పంచుకొంటాయి. మొదటి 'సిటీస్: స్కైలైన్స్'లో ఒక స్థలానికి ఒకే రంగు వేయాలి. దుకాణంపైన ఇల్లు కట్టే మిశ్రమ మండలం 2023 అక్టోబర్‌లో వచ్చిన రెండవ భాగంలో గాని చేరలేదు. మన వీధుల్లో తరతరాలుగా ఉన్న అమరిక క్రీడకు కొత్త సౌకర్యంగా వచ్చిందన్నమాట. ఫుట్‌పాత్ మీది టిఫిన్ బండికి ఇప్పటికీ రంగు లేదు.

5. నిరీక్షణ లేని విద్యార్థి:

2019 మేలో ఈ క్రీడకు 'క్యాంపస్' అనే అనుబంధం వెలువడింది. అందులో ప్రాంగణం సరిహద్దును గీసి, పరిపాలనా భవనంతో మొదలుపెట్టి, గ్రంథాలయాలను, వసతిగృహాలను చేర్చుకోవచ్చు. విద్యార్థుల సంఖ్య, ప్రాంగణపు ఆకర్షణ, విద్యాకృతుల సంఖ్య పెరిగితే సంస్థ ప్రతిష్ఠ ఒక్కో మెట్టు ఎక్కుతుంది. అయిదు క్రీడలకు మైదానాలు ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఉన్న ఆ జాబితాలో క్రికెట్ లేదు. రూపకర్తలు ఏ దేశపు ప్రాంగణాన్ని మనసులో పెట్టుకొన్నారో ఈ ఒక్క జాబితాను బట్టే తెలుస్తుంది.

అయితే అసలు లోపం మైదానంలో లేదు, విద్యార్థిలో ఉంది. క్రీడలో యువకుడు విశ్వవిద్యాలయంలో చేరి, చదువు ముగించి, ఉన్నత విద్యావంతుల లెక్కలోకి వెళ్లిపోతాడు. నిరుద్యోగం ఒక శాతంగా కనిపిస్తుంది. ఆ శాతం ఎక్కడ కూర్చొని చదువుతున్నదో కనిపించదు. ఉస్మానియా ప్రాంగణంలో పట్టా పుచ్చుకొన్న తరువాత కూడా గ్రంథాలయంలో కూర్చొనేవారు ఒక వర్గం. వారి కాలాన్ని కొలిచేది విద్యాసంవత్సరం కాదు, ఉద్యోగ ప్రకటన. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో వెలువడింది. ప్రాథమిక పరీక్ష రెండుసార్లు రద్దయింది. 563 పోస్టులకు కొత్త ప్రకటన 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య కాలాన్ని క్రీడలో వేగం పెంచే మీట నొక్కి దాటవచ్చు.

నా గది మిత్రుడొకడు ఎం.ఏ. తరువాత నాలుగేళ్లు ఆ గ్రంథాలయంలోనే చదివాడు. ఉదయం కుర్చీ దొరకదని తెల్లవారకముందే వెళ్లి పుస్తకం పెట్టి వచ్చేవాడు. ఇంటినుండి ఫోను వస్తే వరండాలోకి వెళ్లి, "ఈసారి వస్తదమ్మా" అనేవాడు. నేను కట్టిన ప్రాంగణంలో గ్రంథాలయం ఉంది, కుర్చీ ఉంది. అతడు కూర్చోవడానికి నియమం లేదు. క్రీడలో బస్సు కోసం ఎక్కువసేపు నిలబడిన ప్రయాణికుడు విసిగి ప్రయాణం మానుకొంటాడు. నిరీక్షణ గురించి దానికి తెలిసినది అంతవరకే.

6. నిష్క్రమణ, గొంతు:

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన తన గ్రంథంలో, ఒక సంస్థ మీద అసంతృప్తి కలిగినవారికి ఉండే మార్గాలను రెండుగా విభజించాడు. వదిలి వెళ్లిపోవడం నిష్క్రమణ. ఉండి ప్రశ్నించడం గొంతు. ఆ సంస్థపై ఉన్న మమకారం మనిషిని నిలిపి మాట్లాడిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే, నగర నిర్మాణ క్రీడలో పౌరునికి మిగిలినది ప్రధానంగా నిష్క్రమణే. నీరు రాకపోతే, చెత్త పేరుకుపోతే అతడు ఇల్లు ఖాళీ చేస్తాడు. 'సిటీస్: స్కైలైన్స్'లో నీలిపిట్ట రూపంలో చిన్న సందేశాలు వస్తాయి. వాటికి జవాబు చెప్పే పని లేదు. 'సిమ్‌సిటీ 2000'లో అగ్నిప్రమాదం, వరద, భూకంపాలతో పాటు అల్లర్లు కూడా విపత్తుల జాబితాలో ఉన్నాయి. గుంపుగా వీధిలోకి వచ్చిన జనం అక్కడ ప్రకృతి వైపరీత్యంతో సమానం. వారు ఏమి అడుగుతున్నారో వినే ఏర్పాటు లేదు.

ఉస్మానియా ప్రాంగణ చరిత్ర గొంతు చరిత్ర. 1938లో, ఆర్ట్స్ కళాశాల భవనం ఇంకా కడుతుండగానే, వందేమాతరం పాడినందుకు విద్యార్థులు బహిష్కరణకు గురయ్యారు. వారిలో పలువురు నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. బయటకు ఇది నిష్క్రమణగా కనిపిస్తుంది. కాని అది మౌనంగా ఇల్లు ఖాళీ చేయడం కాదు, మాట్లాడినందుకు చెల్లించిన మూల్యం. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోను, 2009 చివర మొదలైన మలిదశలోను ఈ ప్రాంగణమే ముఖ్య కేంద్రం. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడడంలో ఆ విద్యార్థుల పాత్రను ఎవరూ కాదనలేరు. క్రీడలో ఆర్ట్స్ కళాశాల ఆకర్షణ అంకెను పెంచే కట్టడం. నేలమీద అది జనం గుమికూడే చోటు. ఒకే భవనం ఒకచోట అలంకారం, మరొకచోట వేదిక.

7. క్రీడ ఇచ్చే ఎరుక:

ఇంతమాత్రాన క్రీడ నిష్ప్రయోజనమని చెప్పడం న్యాయం కాదు. తార్నాక కూడలిలో రద్దీని తగ్గించాలని వీధికి మరిన్ని వరుసలు చేర్చాను. రద్దీ తరువాతి కూడలికి జరిగింది, తగ్గలేదు. బస్సు మార్గాలు, మెట్రో వేసిన తరువాతే మార్పు కనిపించింది. ఈ కూడలి మీదుగా నాగోలు-అమీర్‌పేట మెట్రో 2017 నవంబర్‌లో నడవడం మొదలయింది. అలాంటి మార్గం ఒక ప్రాంతాన్ని ఎలా మారుస్తుందో ఊహించడానికి తెర తోడ్పడింది. ఒక వీధిలోని మార్పు మరొక వీధిని తాకుతుందని, ప్రతి సౌకర్యానికీ ఖర్చు ఉందని క్రీడ ఓపికగా నేర్పుతుంది. పురవర్ణన కూడా అబద్ధం కాదు. అది నగరపు నమూనాను చూపుతుంది. నమూనాను నగరమనుకొంటేనే ప్రమాదం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. నగర నిర్మాణ క్రీడ ఆధునిక పురవర్ణన వంటిది. దాని నియమాలను కూడా పాఠంగా చదవవచ్చు, చదవాలి.

2. ఖాళీ నేల, విడివిడి మండలాలు అనే భావనలు తార్నాక వంటి ప్రాంతాలకు సరిపడవు. ఇవి రూపకర్తలు ఎరిగిన నగరాల నుండి వచ్చినవి.

3. లెక్కకు అందే విద్యార్థి క్రీడలో ఉన్నాడు, ఎదురుచూసే విద్యార్థి లేడు.

4. పౌరునికి నిష్క్రమణ మాత్రమే ఇచ్చి గొంతు ఇవ్వకపోవడం ఈ క్రీడారూపపు ప్రధాన పరిమితి.

పటాలను, గణాంకాలను తెరపై చూసి నగరాన్ని గురించి నిర్ణయాలు తీసుకొనే కాలమిది. తెరపై గుర్తుగా వెలగని బాధ లేనట్టే లెక్కకు వచ్చే అవకాశం ఉంది. కాబట్టి తెలుగు శాఖల్లో ప్రబంధ పురవర్ణనను, క్రీడాభిరామాన్ని బోధించేటప్పుడు ఒక చిన్న అభ్యాసాన్ని చేర్చవచ్చు. విద్యార్థి తన వీధిని ఇలాంటి క్రీడలో కట్టాలి. తరువాత అదే వీధిలో నడిచి, అందులో పట్టని మనుషుల జాబితా రాయాలి. నా జాబితాలో మొదటి పేరు, తెల్లవారకముందే కుర్చీ మీద పుస్తకం పెట్టి వచ్చిన మిత్రునిది.