మూడ్ కుదుటపడ్డాక మిగిలే ఇబ్బంది

హైదరాబాద్‌లోని లాలాపేట్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో ఇంటర్ పిల్లల బుర్రను కొలిచేది మార్కులే. బాగా చదివే పిల్లవాడికి మార్కులు పడిపోతే ఇంట్లో మొదట వినిపించేది ఫోన్ పిచ్చి, ఆ తర్వాత బద్ధకం. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ, మూడ్ విపరీతంగా మారే బైపోలార్ రెండూ ఉన్న పిల్లల విషయంలో ఆ నిందలు అన్యాయం. మందులతో మూడ్ కుదుటపడగానే చదువూ దానంతటదే దారిలో పడుతుందనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

పైకి ఈ రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. ఆపకుండా మాట్లాడతారు, ఆగలేరు, ఒక పని మీద నిలవలేరు. తేడా తెలియాలంటే ఎప్పటినుంచి, ఎలా అని చూడాలి. ఏడీహెచ్‌డీ చిన్నప్పటినుంచీ వెంట ఉంటుంది. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం 12 ఏళ్లలోపే లక్షణాలు కొన్ని బయటపడి ఉండాలి. బైపోలార్ విడతలుగా వస్తుంది. మేనియాలో ఉప్పొంగే ఉత్సాహమో, పట్టరాని చిరాకో సాధారణంగా కనీసం వారం పాటు ఉంటుంది, నిద్ర తగ్గినా అలసట తెలియదు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకటో తరగతి నాటి ప్రోగ్రెస్ కార్డులు కూడా పట్టుకెళ్లడం మంచిది.

మరి విడత తగ్గాక? 2005లో అమెరికాలో అలీసా డోయల్ బృందం బైపోలార్ ఉన్న పిల్లల్ని, లేనివాళ్లని పరీక్షించి పోల్చింది. ఏడీహెచ్‌డీ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా ఏకాగ్రతను నిలుపుకోవడంలో, విన్నదాన్ని కాసేపు మనసులో పెట్టుకుని పనిచేయడంలో, సమాచారాన్ని త్వరగా అందుకోవడంలో లోటు కనిపించింది. తర్వాతి అధ్యయనాలన్నీ ఇదే చెప్పలేదు. కొన్నిటిలో లోటులో ఎక్కువ భాగం ఏడీహెచ్‌డీదేనని తేలింది. నా దృష్టిలో తరగతి గదికి ఆ వాటాల పంపకం ముఖ్యం కాదు. లెక్చరర్ మూడో మెట్టు చెబుతుంటే మొదటి మెట్టు మనసులోంచి జారిపోయే పిల్లకు సబ్జెక్టు అర్థం కాదని కాదు, దాన్ని పట్టి ఉంచే చోటు ఇరుకు. ఆ ఇరుకెంతో మేనియా మధ్యలోనో, కుంగుబాటులోనో కొలిస్తే అప్పటి గందరగోళమే కనిపిస్తుంది. మనసు నిలకడగా ఉన్న రోజుల్లో పరీక్షిస్తేనే నిజంగా మిగిలిన లోటు బయటపడుతుంది.

పిల్లలకు ఇలాంటి పేర్లు తగిలించడం అమెరికా ఫ్యాషన్ అనేవాళ్లున్నారు. వాళ్ల అనుమానంలో నిజముంది. అక్కడ 1994-95 నుంచి 2002-03 మధ్య పిల్లలు, టీనేజర్లకు బైపోలార్ అని రాసిన డాక్టర్ విజిట్లు దాదాపు 40 రెట్లు పెరిగాయి. ఎప్పుడూ చిరాకుగా ఉండే పిల్లలందరికీ ఆ ముద్ర పడకూడదనే డీఎస్‌ఎం-5లో ఇంకో పేరు చేర్చారు. అయితే తొందరపడి పేరు పెట్టకపోవడం వేరు, ఎదురుగా ఉన్న ఇబ్బందిని చూడకపోవడం వేరు. మందులే బుర్రను మొద్దుబారుస్తాయన్నది ఇంకో భయం. లిథియం వంటి మందులతో కొందరికి మందకొడితనం వస్తుంది, నిజమే. అప్పుడు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. సొంతంగా మానేస్తే విడత మళ్లీ తిరగబెట్టవచ్చు. రెండు జబ్బులూ ఉన్నప్పుడు సాధారణంగా ముందు మూడ్‌ను నిలబెట్టి, తర్వాతే ఏడీహెచ్‌డీ మందు మొదలుపెడతారు. ఇక ఇలాంటి పిల్లలకు పరీక్షలో అదనపు సమయం ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా? పరీక్ష కొలవాల్సింది ఫిజిక్స్‌నా, చేతి వేగాన్నా అన్నది తేల్చుకుంటే ఆ వాదన నిలవదు.

సాయం మరీ దూరం కాదు. తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ, అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. చట్టం మాత్రం సగం దూరమే వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అయినా పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, లెక్కలోని మెట్లన్నీ బోర్డు మీద చెరపకుండా ఉంచడానికి, పెద్ద అసైన్‌మెంట్‌ను మూడు ముక్కలు చేసి ఇవ్వడానికి ఏ కాలేజీకీ సర్టిఫికెట్ అక్కర్లేదు.