సమ్మతి అంటే గ్రామసభ తీర్మానం లెక్కనే

మొన్న దుమ్ముగూడెం దిక్కు తమ్ముడొకడు ఫోన్ చేసిండు. హైదరాబాద్‌ల చిన్న కంపెనీల కొలువు. సరుకు గురించి బయటి దేశాలోళ్లకు మెయిళ్లు పంపుడే పని. "అన్నా, మావోళ్లు ఇరవై వేల మెయిల్ అడ్రసులు పైసలు పెట్టి కొన్నరు. జర్మనీ గిరాకి మాత్రం ఆ లిస్టు ముట్టొద్దంటుండు. మెయిలుకు గంత భయమెందుకే?" అన్నడు.

నేను లా చదవలే. పోడు భూముల కాయితాల ఎంబడి తిరుక్కుంట చట్టాలు చదువుడు నేర్చుకున్నోణ్ణి. అందుకే ఆయనకు మన లెక్కలనే చెప్పిన. గ్రామసభ తీర్మానం ఎట్లుండాలె? ముందుగాల చెప్పాలె, సమజయ్యేటట్టు చెప్పాలె, బెదిరియ్యొద్దు. ఖాళీ రిజిస్టరు మీద సంతకాలు తీసుకొని, తర్వాత పైన రాసుకుంటే అది తీర్మానం కాదు గదా. యూరప్‌ల 2018 మే 25 నుంచి నడుస్తున్న జీడీపీఆర్ చట్టంల సమ్మతి అంటే ఇంచుమించు గిదే.

వెబ్‌సైట్ల ముందే టిక్కు కొట్టి పెట్టిన డబ్బా ఉంటది సూడు, అది సమ్మతి కిందికి రాదని యూరప్ కోర్టు 2019ల తేల్చింది. మనిషే తన చేత్తోటి కొట్టాలె. దేనికి ఒప్పుకున్నడో దానికే వాడాలె. ఎప్పుడు, ఎట్ల ఒప్పుకున్నడో రుజువు కంపెనీ కాడ ఉండాలె. కొన్న లిస్టు మీద భయం గిక్కడనే: ఆ ఇరవై వేల మంది ఎవరికి ఒప్పుకున్నరో, అసలు ఒప్పుకున్నరో లేదో, కొన్నోడికి ఏం ఎరిక? ఒప్పుకునుడు ఎంత అల్కగ ఉంటదో, వద్దనుడు గూడ అంతే అల్కగ ఉండాలె. ఇదివరకు తమ కాడ కొన్నోళ్లకు మాత్రం అసొంటి సరుకు గురించే రాయొచ్చు. అది గూడ ప్రతి మెయిల్ల వద్దనే దారి చూపిస్తేనే.

"మేం హైదరాబాద్‌ల ఉన్నం గదా" అన్నడు తమ్ముడు. కంపెనీ యాడుందన్నది ఒక్కటే చూడరు. యూరప్‌ల ఉన్న మనుషులకు సరుకు అమ్మజూస్తే ఆ చట్టం తగులుతది. జర్మనీల చదువుకుంటున్న మన ఖమ్మం పిలగాండ్లకు గూడ ఆ రక్షణ ఉన్నట్టే. జరిమానా పెద్ద తప్పులకు 2 కోట్ల యూరోల దాకా, లేకుంటే ప్రపంచం మొత్తం మీది వ్యాపారంల 4 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. 2025 సెప్టెంబర్ల ఫ్రాన్స్ అధికారులు గూగుల్ మీద 32.5 కోట్ల యూరోలు వేసిండ్రు. జీమెయిల్ల మెయిళ్ల నడుమ అడగకుండ ప్రకటనలు దూర్చుడు అందుల ఒక తప్పు.

ఇగ మన కాడికి రాండ్రి. నా మేనకోడలు ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిందో లేదో కాలేజీల ఫోన్లు మొదలు. మార్కులు రాకముందే సీటు ఇస్తమంటరు. నంబరు మేమిచ్చింది ఒక్క కాడనే, ఒక దరఖాస్తుల. ఆడికెళ్లి ఎట్ల పోయిందని అడిగితే జవాబు చెప్పే దిక్కు లేదు.

ప్రైవసీ ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 9 మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పిండ్రు. మన చట్టం వచ్చేసరికి 2023 అయింది. రూల్స్ 2025 నవంబర్ల వచ్చినయ్. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడాలంటే ఇంకో 18 నెలలు, అంటే 2027 మే. జరిమానా 250 కోట్ల దాకా ఉంది, మంచిదే. కానీ ఆ పైసలు సర్కారు ఖజానాకే పోతయ్. యూరప్‌ల నష్టపోయినోడు పరిహారం గూడ అడగొచ్చు. ఈడనేమో, తప్పుడు ఫిర్యాదు చేసినవంటే నీ మీదనే 10 వేల దాకా పడొచ్చు.

ఇంకో సంగతి నాకు బాగ గుచ్చుకుంది. సమ్మతి అడిగేటప్పుడు ఇంగ్లీషులనో, రాజ్యాంగం 8వ షెడ్యూల్ల ఉన్న 22 భాషల్లనో చదువుకునే వీలియ్యాలంటది చట్టం. తెలుగుంది. కోయ లేదు. చర్ల, దుమ్ముగూడెం గూడేలల్ల ముసలమ్మకు ఆ నోటీసు ఎవరు చెప్పాలె? దరఖాస్తు నింపేటోడే చెప్పాలె, వాడు "ఈడ వేలు పెట్టు అవ్వా" అనుడు తప్ప ఇంకోటి చెప్పంగ నేను సూడలే.

ఇదే చట్టాన్ని అడ్డం పెట్టి సమాచార హక్కు చట్టంల ఒక సెక్షన్ మార్చిండ్రు. వ్యక్తిగత సమాచారమని చెప్పి, అడిగింది ఇయ్యకుండ ఉండుడు ఇప్పుడు ఆఫీసర్లకు ఇంకింత అల్క. అది వేరేగ రాయాల్సిన ముచ్చట.

2027 దాకా ఊకె కూసునుడు అవసరం లేదు. ప్రకటనల ఫోన్లు, మెసేజులు ఆపమని 1909కి చెప్పొచ్చు, పైసా ఖర్చు లేదు. దరఖాస్తుల "మా భాగస్వాములతోటి పంచుకుంటం" అనే లైనుంటే అది ఎవరని అడుగు. టిక్కు ముందే కొట్టి ఉంటే తీసెయ్యి.

తమ్ముడు మళ్ల ఫోన్ చేసిండు. కొన్న లిస్టు పక్కన పెట్టిండ్రట. జర్మనోళ్లకు పోయే మెయిలు కింద "వద్దు" అనే లింకు పెట్టిండ్రట. మన దిక్కు రైతుల నంబర్ల లిస్టు గూడ అదే కంప్యూటర్ల ఉందట, విత్తనాల మెసేజులు పంపనీకి. అందుల వాళ్ల నాయిన నంబరు దొరికింది. ఆ మెసేజు కింద లింకు లేదు. రేపు మేనేజరును అడుగుతా అన్నడు.