కెమిస్ట్రీ క్లాసులో ఆ యాభై మంది

అయిదు వందల మంది విద్యార్థులు. ఒకటే హాలు, ఒకటే పాఠం. తీరా గ్రేడులొచ్చాక చూస్తే ఎక్కువమందికి ఏ, బీలు. ఓ వంద మందికి మాత్రం డీలు, ఎఫ్‌లు! అమెరికాలోని ఆస్టిన్‌లో ఉన్న టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లాడ్ చెప్పే మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో 1990ల్లో కనిపించిన పరిస్థితి ఇది.

'సైన్సు కష్టం. నెగ్గలేనివాళ్లు తప్పుకుంటారు' అని సరిపెట్టుకోవచ్చు. లాడ్ అలా అనుకోలేదు. కాలిఫోర్నియాలోని మొడెస్టోలో సామాన్య కుటుంబంలో పెరిగిన ఆయన, ఎక్కడో టెనెసీలో కాలేజీలో చేరిన కొత్తలో ఒంటరితనంతో ఇబ్బంది పడ్డవారే. అందుకే, తప్పుతున్నవాళ్లు ఎవరా అని రికార్డులు తిరగేశారు. చాలామందివి తక్కువ ఆదాయమున్న కుటుంబాలు. అమ్మానాన్నలు పెద్దగా చదువుకోలేదు. శాట్ ప్రవేశపరీక్షలో మార్కులూ అంతంతమాత్రమే.

1999లో అలాంటి విద్యార్థులను సుమారు యాభై మందిని గుర్తించి, ఓ కొత్త పథకంలో చేరమని ఆహ్వానించారు లాడ్. వాళ్లకోసం ప్రత్యేకంగా చిన్న క్లాసు పెట్టారు. అలాగని సిలబస్ తగ్గించలేదు. అయిదొందల మందికి పాఠం చెప్పి, అటునుంచి అటే మేడెక్కి ఈ యాభై మందికీ అదే పాఠం చెప్పేవారు. పరీక్షలూ అవే. రెండు క్లాసుల మధ్య శాట్ సగటులో తేడా మాత్రం 200 పాయింట్లు!

కెమిస్ట్రీ మెట్లమెట్లుగా సాగే చదువు. 'మోల్' అంటే ఏంటో అర్థంకాకపోతే ద్రావణాల గాఢత లెక్క తేలదు. అది రాకపోతే ఆమ్లాలు, క్షారాల అధ్యాయం అయోమయమే. ఒక మెట్టు దగ్గర ఆగినవాళ్లకి ఆసరా కావాలి. అందుకే వారానికి రెండు గంటలు అదనపు బోధన ఏర్పాటుచేశారు. సలహాదారులనూ దారి చూపే సీనియర్లనూ పెట్టారు.

ఫలితం? తప్పుతారనుకున్న ఆ యాభై మందీ పెద్ద క్లాసుతో సమానంగా గ్రేడులు తెచ్చుకున్నారు. రెండో ఏడాదికి తిరిగొచ్చినవారి శాతంలోనూ, ఆ తర్వాత డిగ్రీ పూర్తిచేసిన వారి శాతంలోనూ విశ్వవిద్యాలయం సగటును దాటేశారు.

2012లో విశ్వవిద్యాలయం లాడ్‌కి మరో పెద్ద బాధ్యత అప్పగించింది. అప్పట్లో అక్కడ నాలుగేళ్లలో డిగ్రీ పూర్తిచేస్తున్నవాళ్లు నూటికి 52 మందే. ఆ సంఖ్యను పెంచాలి. ఒక్క క్లాసులో చేసినదాన్ని వేలమందికి విస్తరించారు. 2018 నాటికి అది దాదాపు 70కి చేరింది.