నొప్పి తెలియని పాదానికి సరైన అచ్చు



మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలలో మన బ్రతుకు చాలావరకు కాళ్ళ మీదనే నడుస్తుంది. పలకల గనుల్లో పనిచేసేవారికి, మిరప చేలకు కూలికి వెళ్ళేవారికి, గొర్రెల వెంట నల్లమల అంచుదాకా తిరిగేవారికి పాదమే పెట్టుబడి. ఆ పాదానికి స్పర్శ పోతే ఏమవుతుంది? దానికి తగిన చెప్పును ఎలా తయారుచేస్తారు? అందులో సెన్సరు అనే కొత్త సాధనం చేసే మేలు ఏమిటి? ఈ సంగతులు తెలుసుకుందాము.

నొప్పి లేకపోవడమే ప్రమాదం

షుగరు వ్యాధి ఏండ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. కుష్టు వ్యాధిలోనూ నరాలు దెబ్బతింటాయి. మందులతో కుష్టు నయమైనా, పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. నడిచిన ప్రతిసారీ ఒకే చోట ఒత్తిడి పడి ముందు ఆనెకాయ, తర్వాత దాని కింద పుండు ఏర్పడతాయి. నొప్పి లేదు కనుక మనిషి కుంటడు. కుంటకుండా నడుస్తాడు కనుక పుండు మానదు. చివరకు ఎముకకు చీము పట్టి వేలో, కాలో తీసివేయవలసి రావచ్చు.

ఈ సంగతిని లోకానికి స్పష్టంగా చూపినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ (1914–2003) ఒకరు. ఆయన తమిళనాడు కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వైద్యుడిగా వచ్చారు. కుష్టు రోగుల పాదాలు వాటంతట అవే కుళ్ళిపోవడం లేదనీ, స్పర్శలేని పాదం మీద పడే ఒత్తిడి వల్ల, తెలియకుండా తగిలే దెబ్బల వల్ల పుండ్లు పడుతున్నాయనీ ఆయన, ఆయన సహచరులు గుర్తించారు. ఎం.సి.ఆర్. చెప్పులు వాడుకలోకి రావడంలో వేలూరు, కరిగిరి ఆసుపత్రుల కృషి ఉన్నది.

అచ్చు తీయడంలో చిక్కు

పాదానికి సరిపడే మెత్తని అట్ట చేయాలంటే ముందు పాదం అచ్చు కావాలి. పి.ఒ.పి. కట్టు తడిపి పాదానికి చుట్టి, గట్టిపడ్డాక తీయడం పాత పద్ధతి. మెత్తని ఫోము పెట్టెలో పాదం దించి ముద్ర తీయడం మరొకటి. ఇప్పుడు స్కానరుతో కంప్యూటరులోనే పాదం ఆకారం తీస్తున్నారు.

ఏ పద్ధతిలోనైనా చిక్కు ఒకటే. అచ్చు తీసేటప్పుడు మడమ కొంచెం లోపలికో, బయటికో ఒరిగితే అట్ట కూడా అలాగే వస్తుంది. బరువు మోపి నిలబడితే పాదం వెడల్పవుతుంది, పైకెత్తితే ముడుచుకుంటుంది. ఒకే పాదానికి ఇద్దరు నిపుణులు తీసిన అచ్చులు ఒకేలా ఉండకపోవచ్చు. పైగా అచ్చు ఆకారాన్ని చూపుతుంది గాని, నడిచేటప్పుడు బరువు ఎక్కడ పడుతుందో చూపలేదు. స్పర్శ ఉన్నవారు “ఇక్కడ ఒత్తుతున్నది” అని చెప్పగలరు. స్పర్శ లేనివారు ఏమి చెప్పగలరు?

సెన్సరు చేసే పని

పలుచని చాపలో వందలాది చిన్న సెన్సర్లు అమర్చి ఉంటాయి. ఒత్తిడి పడినప్పుడు వాటి విద్యుత్ గుణం మారుతుంది. కంప్యూటరు ఆ మార్పును రంగులుగా చూపుతుంది. సాధారణంగా ఎరుపు ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ. అచ్చు తీయకముందు రోగిని చాప మీద నడిపిస్తే ఏ చోట బరువు తగ్గించాలో తెలుస్తుంది. అచ్చు తీసేటప్పుడు పాదం కింద ఉంచితే రెండు పాదాల మీదా బరువు సమంగా ఉన్నదో లేదో కనిపిస్తుంది. చెప్పు తయారయ్యాక పలుచని సెన్సరు అట్టను లోపల పెట్టి నడిపిస్తే అసలు పరీక్ష జరుగుతుంది. ఒకసారి పుండు మానినవారికి నడకలో ఏ చోటా ఒత్తిడి 200 కిలోపాస్కల్స్, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు దాటకూడదని, లేదా పాత చెప్పుతో పోలిస్తే కనీసం 30 శాతం తగ్గాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. బ్రాండ్ గారు 1960లలో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్ళాక, ఒత్తిడికి పగిలి రంగు విడిచే సూక్ష్మ గుళికలున్న మేజోళ్ళతో పరీక్షలు జరిగాయి. ఒత్తిడి పెరిగితే హెచ్చరించే సెన్సర్లను కూడా తయారుచేసి చూశారు. కాని హెచ్చరిక వస్తున్నా రోగులు పని ఆపేవారు కాదు. కొందరు దాన్ని ఆపివేసేవారు. కాబట్టి యంత్రం చెప్పగలదు, వినవలసినది మనమే.

యంత్రం అందుబాటులో లేకపోతే

ఇలాంటి యంత్రాలు ఎక్కువగా పెద్ద నగరాల కేంద్రాలలోనే ఉంటాయి. అయినా నిరాశపడనక్కరలేదు. సిరా పూసిన గీతల రబ్బరు చాప మీద అడుగు వేయిస్తే ఒత్తిడి ఎక్కువున్న చోట ముద్ర చిక్కగా పడుతుంది. ఇది తక్కువ ఖర్చుతో అయ్యే పని. 10 గ్రాముల నైలాను దారంతో అరికాలిని తాకి స్పర్శ ఉన్నదీ లేనిదీ నిమిషాలలో చెప్పవచ్చు. తడి పాదంతో మన పలకరాయి మీద అడుగు వేసి చూస్తే పాదం వంపు ఎంత ఆనుతున్నదో మీకే కనిపిస్తుంది. తర్వాత వేళ్ళ సందులు తుడవడం మరువకండి.

మన ప్రాంతంలో ఫ్లోరైడు నీటి వల్ల మోకాళ్ళు వంకర తిరిగినవారు ఉన్నారు. అటువంటివారికి బరువు పాదంలో ఒక పక్కకే పడవచ్చు. వారికి షుగరు కూడా ఉంటే మరింత జాగ్రత్త అవసరం.

మీరు చేయవలసినవి

పుండు ఉంటే ముందు దానికి వైద్యం చేయించండి. మామూలు చెప్పు మార్చినంత మాత్రాన అది మానదు. అచ్చుకు వచ్చేటప్పుడు పాత చెప్పులు తీసుకురండి, అవి అరిగిన తీరే సగం సంగతి చెబుతుంది. కొత్త చెప్పులు మొదటి రోజు గంటసేపే తొడగండి. తర్వాత ఎరుపు, బొబ్బ ఉన్నాయేమో చూడండి. నల్లని చర్మం మీద ఎరుపు కనబడకపోవచ్చు కనుక ఇంట్లోవారిని చేతితో తాకి చూడమనండి. ఒక పాదం రెండవదానికంటే వేడిగా తగిలితే నడక తగ్గించి వైద్యునికి చూపించండి.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. గుడి గడప దగ్గర చెప్పులు విడవడం మన మర్యాద. అయితే మే నెల ఎండలో కాలిన బండ స్పర్శలేని పాదాన్ని బొబ్బలెక్కించగలదు. అటువంటివారు లోపలికి వేరే శుభ్రమైన జత తెచ్చుకుంటే ఎవరూ తప్పుపట్టవద్దు. వారి కాలు నిలవడానికి మీరు ఇచ్చే ఆ చిన్న వెసులుబాటు కూడా వైద్యమే.