కేసు పోయింది, మరి ఫారంలో ఏమని వ్రాయాలి?

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పొలం గట్టు తగాదా వచ్చిందనుకోండి. పెదనాన్న కొడుకులకూ చిన్నాన్న కొడుకులకూ మాట మీద మాట పెరిగి, కర్రలు లేచి, అటు నలుగురి మీదా ఇటు నలుగురి మీదా కేసులు పడ్డాయి. మూడేళ్ళు వాయిదాలకు తిరిగి, చెప్పులరిగాక, పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. కోర్టు కేసు మూసేసింది. ఆ రెండిళ్ళవాళ్ళూ ఇప్పుడు పెళ్ళిళ్ళకు పిలుచుకుంటున్నారు కూడాను!

అంతలో కుర్రవాడికి పోలీసు ఉద్యోగం వచ్చింది. చేతికొక ఫారం ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న: మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉన్నదా?

"లేదని వ్రాయరా, అదంతా అయిపోయిందిగా" అంటాడు తండ్రి.

చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. పెద్దవాళ్ళ కేసుకు పలక తుడిచినట్లు పాత రికార్డు తుడిచిపెట్టే అర్జీ మన చట్టంలో లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో ఉన్నది. ఇక్కడ ఎవరైనా "ఇంత ఇవ్వండి, చెరిపిస్తాను" అంటే, మదనపల్లెలో అయినా మరెక్కడైనా నమ్మకండి.

ఉన్నదల్లా కేసును సరిగా ముగించుకునే దారులే. చిన్న దెబ్బలు, బెదిరింపులు వంటివాటికి స్థానిక కోర్టులోనే రాజీ చెల్లుతుంది. పాత చట్టంలో ఇది 320వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 359. ఆ రాజీ నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. అలా రాజీకి వీలులేని సెక్షనైతే హైకోర్టుకు పోవాలి. పాత 482, ఇప్పటి 528 క్రింద కేసునే కొట్టివేయమని అడగవచ్చు. సొంత తగాదాలలో ఇది తగునని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో చెప్పింది. హత్య, మానభంగం వంటివాటికి కాదు. కుప్పంవాళ్ళు పొద్దున బెంగుళూరు పోయి రాత్రికి ఇల్లు చేరగలరు గాని, అమరావతి ప్రయాణమంటే అంత తేలిక కాదు పాపం!

నేరం రుజువైనా, జైలుకు పంపక మంచి నడవడి పూచీ మీద విడిచిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉన్నది. దాని 12వ సెక్షను ప్రకారం శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదు. అయితే రుజువైన నేరం రుజువైనట్లే ఉంటుంది. నిజమైన తుడిచివేత మైనర్లకే. 2015 నాటి బాలన్యాయ చట్టం 24వ సెక్షను ప్రకారం అప్పీలు గడువు తీరాక వాళ్ళ రికార్డు నాశనం చేయాలి. పదహారేళ్ళు నిండి, ఘోరనేరానికి పెద్దవాడిగా విచారింపబడినవాడికి మాత్రం ఈ మేలు లేదు.

ఇక మన కుర్రవాడి ఫారం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులు ఈ ప్రశ్ననే తేల్చారు. అడిగిన సంగతి దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. తెలిసీ తెలియని వయసులో జరిగిన స్వల్ప విషయమైతే, దాచినా అధికారి క్షమించవచ్చు. నిజం చెప్పినంతమాత్రాన ఉద్యోగం ఖాయమనీ అనలేదు. కాని చెప్పినవాడి కేసు చిన్నదా పెద్దదా అని చూస్తారు. దాచినవాడిని ముందు అబద్ధం సంగతి అడుగుతారు.

కనుక "ఉన్నది" అని వ్రాసి, కేసు నంబరు, కోర్టు పేరు, ముగిసిన తేదీ వేయాలి. కోర్టు ఉత్తర్వు ధృవీకృత నకళ్ళు రెండు తీసుకోండి. ఒకటి పోలీసు స్టేషనులో ఇచ్చి రసీదు పుచ్చుకోండి. కోర్టులో ముగిసిన కేసు అక్కడి పుస్తకంలో ముగియకుండా ఉండిపోవడం కద్దు. రెండవది ఇంట్లో పట్టా కాగితాల పెట్టెలో దాచండి. రేపు పాస్‌పోర్టు నాడు మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది.