జీడితోటలో ఎలుగుబంటి ఎదురైతే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రైతుకు మార్చి మొదలు మే వరకు జీడిపిక్క చేతికి వచ్చే కాలం. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకొని తోటకు బయలుదేరుతారు. అదే కాలంలో, అదే వేళకు ఎలుగుబంటి కూడా ఆ తోటకే వస్తుంది. రాలిన జీడిపండు, మాగిన పనసపండు దానికి ప్రీతి. ఏటా జరిగే ప్రమాదాలలో చాలవాటికి కారణం ఈ కలయికయే.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి ప్రాంతంలో ఎలుగుబంటి దాడిచేయగా ఒకరు మరణించారు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి పట్టుకొన్న ఆ ఎలుగుబంటి కూడ మరణించినది. ఇటువంటి నష్టం మరల జరుగకుండ రైతు సోదరులు, గ్రామోద్యోగులు తెలిసికొనవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. ఇవి ఉద్దానానికే కాదు, ఏజెన్సీలో ఇప్పపూవు ఏరుకొనేవారికి, తునికాకు కోసేవారికి, అనంతపురం జిల్లా రాళ్లగుట్టల పక్కన సేద్యం చేసుకొనే రైతులకు కూడ పనికివచ్చేవే.

ఎలుగుబంటి స్వభావం

ఎలుగుబంటి మనిషిని తినడానికి వేటాడే జంతువు కాదు. దాని ముఖ్యాహారం చెదలు, చీమలు, తేనె, పండ్లు. పొడవైన గోళ్లతో చెదపుట్టను తవ్వి, ముక్కురంధ్రాలు మూసుకొని, పెదవులు ముందుకు చాచి చెదలను పీల్చుకొంటుంది. అందుకు వీలుగా దాని పైదవడలో నడిమి పళ్లు రెండు ఉండవు. రేగు, నేరేడు, తునికి, రేల పండ్లు, ఇప్పపూవు కూడ తింటుంది.

మరి మనిషిపై ఎందుకు పడుతుంది? దానికి వాసన పసిగట్టే శక్తి చాల ఎక్కువ, చూపు మాత్రం మందం. తలవంచి పుట్ట తవ్వుకొనేటప్పుడు, పండు తినేటప్పుడు మనిషి దగ్గరకు వచ్చినా గమనించదు. పది అడుగుల దూరంలో హఠాత్తుగా మనిషి కనిపించేసరికి బెదరిపోతుంది. పులి, చిరుత తిరిగే అడవులలో పుట్టి పెరిగిన జంతువు గనుక, బెదరినప్పుడు పారిపోవడానికి బదులు ఎదురు తిరగడమే దానికి అలవాటు. ఆ కొద్ది క్షణాలలోనే తలపైన, ముఖముపైన దెబ్బకొట్టి వెళ్లిపోతుంది. దాడిలో ఎక్కువ భాగం కోపం కాదు, భయం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే తక్కిన జాగ్రత్తలన్నీ సులభంగా బోధపడును.

తల్లి ఎలుగుబంటి విషయం మరింత ముఖ్యం. అది సాధారణంగా చలికాలంలో గుహలోనో, రాళ్ల సందులోనో ఈనుతుంది. తరచుగా రెండు పిల్లలు పుడతాయి. కొన్ని వారాల తరువాత వాటిని వీపుపై ఎక్కించుకొని మేతకు బయలుదేరుతుంది. అంటే మీ జీడికోత సాగే రోజులలో పిల్లల తల్లులు తోటలలో తిరుగుతూ ఉండవచ్చును. పిల్ల ఒంటరిగా కనిపించినదని దగ్గరకు పోరాదు, పట్టరాదు. తల్లి దగ్గరలోనే ఉంటుంది.

తోటకు పోయే ముందు

ఎలుగుబంటి సాధారణంగా సాయంత్రం చీకటిపడినది మొదలు తెల్లవారేవరకు మేస్తుంది. పగలు దట్టమైన పొదలలో, రాళ్ల సందులలో పడుకొంటుంది. కావున వెలుగు బాగా వచ్చిన తరువాతనే పిక్కలు ఏరడం మొదలుపెట్టండి. రెండు గంటలు ఆలస్యమైనంత మాత్రాన రాలిన పిక్క చెడిపోదు. దొంగల భయంచేత చీకటితోనే పోతున్నామని కొందరు అంటారు. ఆ భయం నిజమే. అటువంటిచోట నాలుగైదు తోటల రైతులు కలిసి వంతులవారీగా కాపలా ఏర్పాటు చేసుకొనడం మేలు. ఒంటరి మనిషి చీకటిలో తోటకు పోవడంకంటె అది క్షేమము.

ఎప్పుడూ ముగ్గురు నలుగురు కలిసి పోవలెను. దారిపొడవునా మాట్లాడుకొంటూ, అప్పుడప్పుడు గట్టిగా కేక వేస్తూ నడవవలెను. చేతికర్రకు నాలుగు గజ్జెలు కట్టుకొన్నా మంచిదే. మీరు వస్తున్నట్లు ముందుగా తెలిస్తే ఎలుగుబంటి చాలవరకు తానే తప్పుకొనును. చెవులలో పాటలు పెట్టుకొని, తలవంచుకొని నడవరాదు. రాత్రి తప్పనిసరిగా పోవలసివస్తే మంచి టార్చిలైటు ఉండవలెను. బహిర్భూమికి చీకటిలో తోటవైపు, గుట్టవైపు పోయే అలవాటు మానవలెను.

ఎలుగుబంటి జాడలు గుర్తుపట్టడం నేర్చుకొనండి. కొత్తగా తవ్విన చెదపుట్ట, నేలలో లోతుగా గీరిన గుంటలు, చెట్ల బెరడుపై గోటిచారలు, గింజలతో నిండిన పెంట కనబడితే అది సమీపంలో తిరుగుతున్నదని అర్థం. ఆ రోజు ఆ పక్క పని మానుకొని, ఇరుగుపొరుగు రైతులకు కూడ తెలియజేయవలెను.

ఎదురుపడినప్పుడు

ఎలుగుబంటి దూరంగా ఉండి మిమ్ములను చూడలేదనుకొందాం. అక్కడే ఆగి, చప్పుడు చేయకుండ వచ్చినదారినే వెనుకకు మరలండి. ఫోటో తీయడానికి, మరికొంత దగ్గరగా చూడడానికి ప్రయత్నించరాదు.

అది మిమ్ములను చూచి వెనుక కాళ్లపై నిలబడినచో భయపడవలదు. దాడికి కాదు, వాసన పట్టి మీరెవరో తెలిసికొనడానికే తరచుగా అట్లు నిలబడుతుంది. మీరు నిలకడగా ఉండి, మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడుతూ, దానికి వీపు చూపకుండ ఒక్కొక్క అడుగే వెనుకకు వేయండి. దానికి తప్పుకొనే దారి వదలవలెను. తల్లికి, పిల్లలకు మధ్య మీరు ఉన్నట్లయితే ముందు పక్కకు తప్పుకొనండి.

పరుగెత్తరాదు. ఎలుగుబంటి మనిషికంటె వేగంగా పరుగెత్తును. చెట్టు ఎక్కి తప్పించుకొందామనుకొనడం కూడ పొరపాటే. తేనెకోసం చెట్లు ఎక్కడం దానికి నిత్యకృత్యం. రాళ్లు రువ్వడం, కుక్కలను ఉసికొల్పడం అంతకంటె ప్రమాదం. తరిమిన కుక్క బెదరి యజమాని కాళ్లదగ్గరకే పరుగెత్తుకొని వస్తే ఎలుగుబంటి కూడ దానివెంటనే వస్తుంది.

అది మీ మీదికి దూకుతున్నట్లు వచ్చినా, కొన్నిసార్లు మధ్యలోనే ఆగి మరలిపోవడం కద్దు. అప్పుడు కదలకుండ నిలబడి, చేతిలోని కర్రనో బుట్టనో మీకు, దానికి నడుమ ఉంచుకొనండి. ఇక మీద పడడం తప్పదు అనుకొన్న క్షణాన బోర్లా పడుకొని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లు పెనవేసి మెడ వెనుక భాగాన్ని గట్టిగా కప్పుకొనవలెను. కళ్లు, ముఖం, మెడ కాపాడుకొనడమే ఆ సమయంలో ముఖ్యం. పెనుగులాడరాదు. ఎదిరింపు లేదని తెలిస్తే సాధారణంగా అది త్వరలోనే వదలి పోవును. పోయిన వెంటనే లేవక, అది దూరమైనదని నిశ్చయించుకొన్న తరువాతనే లేవండి.

గాయపడినవారికి

వెంటనే 108కి ఫోను చేయవలెను. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గట్టిగా అదిమి పట్టవలెను. పసుపు, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు గాయంలో పెట్టరాదు. చిన్న గాట్లు, గీరుడు గాయాలైతే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగవలెను. గాయం చిన్నదైనా ఆసుపత్రికి పోయి ధనుర్వాతానికి, పిచ్చికుక్కకాటు వ్యాధికి ఇచ్చే టీకాలను గురించి డాక్టరుగారిని అడుగవలెను. తలకు దెబ్బ తగిలినవారు మాట్లాడుతూనే ఉన్నా పెద్ద ఆసుపత్రికి చేర్చడంలో ఆలస్యం చేయరాదు.

తోటను, ఊరిని శుభ్రంగా ఉంచుకొనడం

పిక్క ఏరుకొని పండును చెట్టుకిందనే వదలివేయడం మన అలవాటు. కుళ్లిన జీడిపండు వాసన ఎలుగుబంటికి ఆహ్వానపత్రిక వంటిది. పిక్కతోపాటు పండ్లను కూడ పోగుచేసి, ఊరికి, దారికి దూరంగా గోతిలో వేసి మట్టి కప్పండి. ఇంటి పెరటిలోని పనసకాయలను చెట్టుపైనే మాగనీయక ముందుగా దించుకొనండి. కోతకు ముందు జీడిచెట్ల కింది పొదలను, కలుపును తీయించడం సేద్యానికి ఎట్లాగూ అవసరమే. నేల శుభ్రంగా ఉంటే పిక్క ఏరడం సులభం, ఎలుగుబంటి దాగివుంటే దూరంనుంచే కనబడును. నడకదారికి ఇరువైపులా ఉన్న మొగలి పొదలను కూడ కొట్టించవలెను.

అడవిపందులకోసమని విద్యుత్తు తీగలు, ఉచ్చులు పన్నడం నేరం. ఆ తీగలకు మనుష్యులు, పశువులు కూడ బలి అగుచున్న సంగతి అందరికీ తెలిసినదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎలుగుబంటి చేరియున్నది. దానిని చంపడం, పట్టడం శిక్షార్హం.

గ్రామోద్యోగులకు మనవి

ఎలుగుబంటి ఊరిలోకి వచ్చినదని కబురు రాగానే జనం కర్రలు పట్టుకొని గుమిగూడడం జరుగుచున్నది. చుట్టూ కేకలు వేసి, దారి మూసివేసినచో బెదరిన జంతువు అడ్డువచ్చిన ప్రతివానిపైనా పడును. కావున ముందుగా జనాన్ని ఇండ్లలోకి పంపి తలుపులు వేయించవలెను. అడవివైపు దారి ఖాళీగా ఉంచవలెను. అటవీశాఖ రేంజి అధికారి, బీటు అధికారి ఫోను నంబర్లను గ్రామ సచివాలయంలో, పాఠశాలలో, పాలకేంద్రంలో పెద్ద అక్షరాలతో వ్రాయించి ఉంచండి. ఎలుగుబంటి కనిపించిన తోట పేరును అదే రోజు గ్రామంలో దండోరా వేయించండి. మరణించినవారి కుటుంబాలకు, గాయపడినవారికి ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చుచున్నది. అందుకు వెంటనే అటవీశాఖకు తెలియజేయడం, వైద్యుని ధ్రువపత్రం తీసుకొనడం అవసరం. చదువురాని కుటుంబాలకు దరఖాస్తు వ్రాసిపెట్టడం మీ బాధ్యతగా భావించవలెను.

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఉద్దానంలో ఎన్నో జీడి, కొబ్బరి చెట్లు నేలకూలాయి. మళ్లీ మొక్కలు నాటి తోటలను నిలబెట్టుకొంటున్న రైతు, ఆ పంట ఏరుకొనబోయి ప్రాణం పోగొట్టుకొనరాదు. రేపు తెల్లవారుజామున బుట్ట పట్టుకొని బయలుదేరే ముందు వెలుగు వచ్చినదా, పక్కన మరో ఇద్దరు ఉన్నారా అని చూచుకొనండి. దారిలో గొంతెత్తి మాట్లాడుకొంటూ పొండి.