గొఱ్ఱెపిల్లల మేతలో సున్నము, భాస్వరము

పాలు విడిచిన గొఱ్ఱెపిల్ల పెరుగుటకు మూలాధారము ఎముక. ఎముకకు గట్టిదనము నొసగునవి రెండు ధాతువులు: సున్నమునందుండు కాల్షియము, భాస్వరము. దేహమునందలి కాల్షియములో నూటికి 99 పాళ్లును, భాస్వరములో సుమారు 80 పాళ్లును ఎముకలలోను దంతములలోను నిలిచియుండును. ఈ రెంటికి గల పొత్తును గూర్చి మా పాఠకులకు కొంచెము విన్నవింప దలచితిమి.

మానవుని దేహము అధికమైన భాస్వరమును మూత్రము ద్వారా వెడలించును. గొఱ్ఱె పద్ధతి వేఱు. అది నెమరువేయునప్పుడు స్రవించు లాలాజలములో భాస్వరము మెండుగా నుండును. అది మరల కడుపులోనికి పోయి, అచ్చటి సూక్ష్మజీవులకు ఆహారమై, పిదప ప్రేగులలో కొంత తిరిగి రక్తమున చేరును. మిగిలినది పేడతో పోవును. ధాన్యపు పొట్టులో బంధింపబడియున్న భాస్వరమును సైతము ఆ సూక్ష్మజీవులు విడదీయగలవు.

తవుడు భాస్వరమునకు గని; కాల్షియము దానియందు మిక్కిలి స్వల్పము. విత్తులు తీసిన పొట్టేలును త్వరగా బలియజేయుటకై తవుడు, ధాన్యము విశేషముగా పెట్టినచో నెమరు తగ్గును, లాలాజలము తగ్గును, భాస్వరము మూత్రములోనికి దిగును. అచ్చట రాళ్లు కట్టి, సన్నని మూత్రనాళము మూసికొనిపోవును. వెంటనే చికిత్స జరుగనియెడల జీవము దక్కదు. ఏడాది శ్రమ ఒక్క వారములో వ్యర్థమగును.

ఇట్టి మేతకు సున్నపురాతి పొడి తగిన విరుగుడు. దానియందు కాల్షియము కలదు, భాస్వరము లేదు. అది ప్రేగులలో భాస్వరముతో కలిసి కరగని పదార్థమై, అధికభాగమును పేడలోనికి మరల్చును. ఇచ్చట ఎముకలనుండి గాని, రాతినుండి గాని చేసిన డైకాల్షియం ఫాస్ఫేటు పెట్టుట మంటకు నేయి పోసినట్లగును. ఏలయన దానియందు భాస్వరము కూడ కలదు.

అయితే ఎండుగడ్డి మాత్రమే తిను పిల్లకు ఈ న్యాయము చెల్లదు. దానికి భాస్వరమే కొఱత. సున్నపుపొడి అధికమైనచో ఉన్న కొలది భాస్వరమును గూడ పోగొట్టును. ఆకలి మందగించి, పెరుగుదల నిలిచి, కాళ్లు వంకరపోవును. అట్టిదానికి కొంచెము తవుడో, డైకాల్షియం ఫాస్ఫేటో మేలు. అవిశాకు, వేరుశనగ తీగె మున్నగునవి కాల్షియమును సహజముగా నిచ్చును; కాని కొన్ని ఆకులలో కొంత భాగము ఆక్సలేటుగా బంధింపబడి సులభముగా చిక్కదు.

కావున ఒకే మందు అందఱికిని పనికిరాదు. మేతనంతటిని కలిపి చూచినప్పుడు కాల్షియము రెండు పాళ్లు, భాస్వరము ఒక పాలు ఉండుట క్షేమకరము. దానితోపాటు మంచినీరు, ఉప్పు, సూర్యరశ్మి కావలయును. ఇంట గొఱ్ఱెలున్న విద్యార్థులు ఈ సెలవులలో తమ మందలు ఏమి తినుచున్నవో గమనించి, పెద్దలతో ముచ్చటింతురుగాక యని కోరుచున్నాము.